ఇంజను సంగతి తరవాత, ముందు ఎత్తు తేల్చండి

ప్రశ్న: సార్, మాది రాజమండ్రి. చాలా ఏళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాం, ప్రస్తుతం ఫ్రిస్కోలో. ఓక్లహోమాలో ఒక రైతు కొట్టంలో ముప్ఫై ఏళ్ళుగా పడి ఉన్న 1955 షెవర్లే టూ-టెన్, రెండు తలుపుల సెడాన్ కంటపడింది. 14,000 డాలర్లు అడుగుతున్నాడు. ఆరు సిలిండర్ల ఇంజను ఉంది గానీ తిరగడం లేదు. నా ప్లాను ఇది: 400 హార్స్‌పవర్ ఎల్ఎస్ వీ8 (జీఎం వాళ్ళ కొత్తతరం ఎనిమిది సిలిండర్ల ఇంజను), టాపు నాలుగంగుళాలు కోసి కిందికి దించడం, ఎయిర్ సస్పెన్షన్, 20 అంగుళాల చక్రాలు, క్యాండీ ఎరుపు రంగు, ఏసీ. కారుతో కలిపి 60,000 డాలర్లు, ఏడాది గడువు. ఆయిలూ బ్రేకు ప్యాడ్లూ మార్చడం వచ్చు, వెల్డింగు రాదు. పన్నెండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి. ఇద్దర్నీ వెనక సీట్లో ఎక్కించుకుని ఆదివారాలు తిరగాలని కోరిక. ఇంజను ముందు కొనమని ఒక ఫ్రెండు, కొత్త చాసీ కొనమని ఇంకొకడు. మా ఆవిడ అసలు వద్దంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? రిటైరయ్యాక కారుని రాజమండ్రి తీసుకెళ్ళొచ్చా? (పేరు వేయొద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగి మళ్ళీ చదివిన వాక్యం ఒకటే. పిల్లలిద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుతానన్నారు. ఆ మాట నిజమైతే మీ జాబితాలో సగం కొట్టేయాలి. కొట్టేశాక మిగిలేది మాత్రం చాలా మంచి కారు.

ముందు మీరు ఎంచుకున్న బండి గురించి. ఇది తెలిసి ఎంచుకున్నారో, తగిలింది కదా అని ఎంచుకున్నారో గానీ, మొదటిసారి ఈ పనికి దిగేవాడికి ఇంతకన్నా తగిన కారు ఆ దశాబ్దంలో లేదు. 1955 మోడల్ షెవర్లేలు 17 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఇవాళ్టికీ తలుపు రబ్బరు దగ్గర్నుంచి పూర్తి ఉక్కు బాడీ దాకా కొత్తగా చేసి అమ్మేవాళ్ళున్నారు. పైగా షెవర్లే కంపెనీ ఆ ఏడాదే పాత పద్ధతులన్నీ ఒక్కసారిగా వదిలేసింది. కరెంటు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు వచ్చింది. ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు అంతకుముందు గొట్టంలో మూసి ఉండేది, అది పోయి మామూలు షాఫ్టు వచ్చింది. ముందు చక్రాలకు కింగ్ పిన్నుల బదులు బాల్ జాయింట్లు వచ్చాయి. ఎడ్ కోల్ నాయకత్వంలో తయారైన 265 క్యూబిక్ అంగుళాల వీ8 కూడా అప్పుడే వచ్చింది. అదే మీరు 1954 కారు చూపించి ఉంటే, వేరే ఇంజనూ గేరుబాక్సూ పెట్టాలంటే వెనక యాక్సిల్ దాకా మార్చాలి, వైరింగూ మొదటికే వస్తుంది అని చెప్పాల్సి వచ్చేది.

ఇంకో అదృష్టం, మీది హార్డ్‌టాప్ కాకపోవడం. షెవర్లేలోనే ఖరీదు మోడలైన బెల్ ఎయిర్ హార్డ్‌టాప్ వెనక జనం వేలంవెర్రిగా పడతారు, మధ్య స్తంభం లేకుండా అందంగా ఉంటుంది కనక. టూ-టెన్ సెడాన్‌కి ఆ స్తంభం ఉంది. బాడీ గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. అన్నిటికీ మించి ముందు సీట్ల భుజం బెల్టు బిగించడానికి చోటుంటుంది. ఆ కార్లలో సీటు బెల్టులు మామూలుగా వచ్చేవి కావు. బెల్టుల సంగతి కాసేపట్లో మళ్ళీ చెబుతాను.

ఓక్లహోమా వెళ్ళేటప్పుడు టార్చి, అయస్కాంతం, స్క్రూడ్రైవరు, పాత చొక్కా తీసుకెళ్ళండి. కారు చూసేముందు కాగితం చూడండి. డ్రైవరు తలుపు తెరిస్తే, కీళ్ళుండే స్తంభం మీద చిన్న ప్లేటు ఉంటుంది. ఆరు సిలిండర్ల టూ-టెన్ అయితే దాని మీద నంబరు B55తో మొదలవుతుంది, తరవాతి అక్షరం ఫ్యాక్టరీది. కాన్సస్ సిటీలో తయారైతే K. మొదట్లోనే V ఉంటే, అంటే VB55 అని ఉంటే, అది వీ8తో పుట్టిన కారు, ఇప్పుడున్న ఇంజను ఎవరో తరవాత పెట్టింది. ఈ నంబరూ టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరూ అక్షరం అక్షరం కలవాలి. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు ఇంజను నంబరుతోనే టైటిల్ ఇచ్చేవి. ఆ ఇంజను ఏనాడో తుక్కులోకి పోతే కాగితం ఒక కారుదీ, కారు ఇంకోటీ అయి కూర్చుంటుంది. "టైటిల్ ఎక్కడో ఉంది, తరవాత పంపిస్తా" అంటే డబ్బు కూడా తరవాతే పంపిస్తానని చెప్పి వచ్చేయండి. టెక్సస్‌లో కాగితం లేని కారుకి బాండు కట్టి తీసుకునే బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది గానీ, మొదటి కారుకే ఆ తిప్పలు ఎందుకు? ఇంకో హెచ్చరిక. రంగు వేసేటప్పుడు ఆ ప్లేటు ఊడదీసి పక్కన పెడదామని మీ పెయింటరు అంటే ఒప్పుకోకండి. వాహనం గుర్తింపు ప్లేటు తీయడం, మార్చడం ఫెడరల్ నేరం దాకా పోయే వ్యవహారం. టేపు అంటించి దాని చుట్టూ రంగు వేయించండి.

ఇక తుప్పు. ఈ మూడేళ్ళ షెవర్లేలకు, అంటే 55, 56, 57 కార్లకు, తుప్పు పట్టే చోట్లు ఎప్పుడూ ఒకటే. హెడ్‌లైటు మీద కనుబొమలా ముందుకు వచ్చిన భాగం ఉంటుంది చూశారూ, దాని వెనక లోపలివైపు మట్టి పేరుకుని తడి పట్టి ఉంటుంది. పైకి నున్నగా కనిపించినా లోపల్నుంచి తినేస్తుంది. మడ్‌గార్డు కిందనుంచి చెయ్యి పెట్టి తడిమి చూడండి. తరవాత ముందు కాళ్ళ దగ్గర పక్క రేకులు, తలుపుల కింది పెట్టెలు, డిక్కీ నేల, వెనక చక్రాల వంపులు. వీటన్నిటికన్నా ముఖ్యం బాడీని చాసీకి బిగించే మౌంట్ల దగ్గరి రేకు. కారు కిందికి దూరి స్క్రూడ్రైవరుతో ఒక్కో మౌంటునీ పొడవండి. దిగబడితే బేరం చేయండి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే. నేల రేకులు పోయినా నేను భయపడను, కొత్తవి దొరుకుతాయి. తలుపు సందులు పైన ఒకలా కింద ఒకలా ఉంటే మాత్రం భయపడతాను. అంటే బాడీ వంగింది, లేదా మౌంట్లు కూలాయి.

కారు నిక్కచ్చిగా ఉంది, కొన్నారు, ట్రైలరు మీద ఫ్రిస్కో తెచ్చారు అనుకుందాం. ఇంజనా, చాసీనా అని మీ ఫ్రెండ్సు కొట్టుకుంటున్నారు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మొదట తేలాల్సింది కారు నేల మీద ఎంత ఎత్తున నిలబడుతుంది, ఏ టైరు మీద నిలబడుతుంది అన్నది. మిగతావన్నీ దీన్నుంచే పుడతాయి. ఎత్తు తగ్గితే వెనక యాక్సిల్ చాసీకి తగులుతుంది, చాసీని వంపుగా కోయాల్సి వస్తుంది. షాఫ్టు కోణం మారుతుంది, గేరుబాక్సు పైకి జరుగుతుంది, అది ఇమడడానికి నేల గూడు కోయాలి. సైలెన్సరు పైపులకు కింద చోటు చాలదు. ఇంజను ముందు కొని పెట్టుకున్నవాళ్ళు ఇవన్నీ తరవాత కనుక్కుని, ఒకసారి వెల్డు చేసింది మళ్ళీ కోస్తారు. నేను చూసిన సగంలో ఆగిపోయిన కార్లలో ఎక్కువ భాగం ఆగింది ఇక్కడే. డబ్బు లేక ఆగిపోయాయని వాళ్ళు చెబుతారు. డబ్బు ఎందుకు లేకుండా పోయిందో చెప్పరు.

ఎత్తు తేల్చడానికి పెద్ద ఖర్చు లేదు. గ్యారేజీలో చదునైన చోట కారు నిలబెట్టి, ముందు కాయిల్ స్ప్రింగులు తీసేసి, నాలుగు మూలలా జాకీ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. మీకు కావలసిన టైరు బయటి వ్యాసం చూసుకుని, అదే కొలతకి ప్లైవుడ్డు చక్రాలు కోయించండి. వాటిని చక్రం గూళ్ళలో నిలబెట్టి, జాకీతో కారుని పావు అంగుళం చొప్పున దించుతూ వీధిలోకి వెళ్ళి చూస్తూ ఉండండి. ముందు ప్లైవుడ్డు చక్రాన్ని పూర్తిగా మలుపు తిప్పి మడ్‌గార్డు అంచుకి తగులుతుందో లేదో చూడండి. బావుంది అనిపించినచోట తలుపు కింది అంచు నుంచి నేలకు ఎంతుందో కొలిచి గోడ మీద రాయండి. ఈ పని పిల్లల చేత చేయించండి. ఫొటోలు వాళ్ళకే బాగా తీయడం వచ్చు.

ఇలా చూస్తే 20 అంగుళాల చక్రాల మోజు దానంతటదే తగ్గుతుందని నా నమ్మకం. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 15 అంగుళాల రిమ్ముతో, మందమైన టైరుతో. బాడీ గీతలన్నీ ఆ లెక్కలో గీసినవే. 15గానీ, ముందు పెద్ద డిస్కులు పెట్టదలుచుకుంటే 17గానీ చాలు. ఎత్తు రెండంగుళాలు తగ్గిస్తే ఆ కారుకి అందం వచ్చేస్తుంది. ముందు చక్రాలకు డ్రాప్ స్పిండిళ్ళు (చక్రం బిగించే ఇరుసుని పైకి జరిపి చేసినవి) దొరుకుతాయి. స్ప్రింగు అలాగే ఉండి కారు మాత్రం దిగుతుంది, ప్రయాణం గరుకుగా మారదు. వెనక యాక్సిల్‌కీ కమాన్ పట్టీలకీ మధ్య బ్లాకులు వేస్తే సరిపోతుంది. ఎయిర్ సస్పెన్షన్‌కి నా ఓటు లేదు. దానికి కంప్రెసరు, ట్యాంకు, వాల్వులు, పైపులు కావాలి, చాసీని కోయాలి. వెల్డింగు రాని మనిషి చేయించుకుంటే, ఏదో ఒక ఆదివారం పార్కింగులో కారు బోర్లా పడుకుని లేవనంటే దాన్ని లేపడమూ మీకు రాదు.

టాపు కోయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కోరిక పుట్టినచోటు గొప్పది. అమెరికన్ కస్టమ్ కార్ల చరిత్రలో అందరూ చెప్పుకునే బండి 1951 మెర్క్యురీ, బాబ్ హిరోహటాది. 1952లో కాలిఫోర్నియా లిన్‌వుడ్‌లోని బారిస్ సోదరుల షెడ్డులో తయారైంది. టాపు కోసి దించారు, తలుపుల మధ్య స్తంభాలు ఎత్తేశారు, తలుపు పిడులూ గుర్తులూ తీసేసి బాడీని నున్నగా చేశారు. అతుకులు కనబడకుండా కరిగించిన సీసం పోసి ఆకురాయితో అరగదీసేవాళ్ళు ఆ రోజుల్లో. ఆ కారు ఫొటో చూసి, నాకూ అలా కావాలి అనుకోని కారు పిచ్చోడు ఉండడు.

అయితే ఆ మెర్క్యురీ మొదట్నుంచీ గుండ్రని, బరువైన ఆకారం. టాపు దించితే ఆ బరువంతా కిందికి సాగినట్టయి మరింత అందం వచ్చింది. 55 షెవర్లే అలా కాదు. చిన్నగా, నిటారుగా, బిగువుగా గీసిన కారు. దాని ముందద్దం పక్కలకు తిరిగి లోపలికి వంగి ఉంటుంది, ఆ వంపు అద్దమే ఆనాటి కొత్తదనం. నాలుగంగుళాలు కోస్తే ఆ వంపు గాజుని కూడా కోయాలి. రెండు పొరల గాజు కనక అనుభవమున్నవాడు కోయగలడు, కోసేటప్పుడు పగిలితే ఇంకోటి కొనాలి. వెనకద్దం టెంపర్డ్ గాజైతే కోయడం మాటే లేదు, కోత యంత్రం తగిలితే పొడిపొడి అవుతుంది. స్తంభాలు ముందుకీ వెనక్కీ వాలి ఉంటాయి కనక పైభాగం దించితే కింది భాగంతో కలవదు, టాపుని అడ్డంగా, నిలువుగా కోసి సాగదీయాలి. ఇదంతా అయ్యాక మీ అబ్బాయి వెనక సీట్లో కూర్చుంటే వాడి తల టాపుకి తగులుతుంది, బయటికి చూడ్డానికి తపాలా పెట్టె సందంత కిటికీ మిగులుతుంది. వద్దు. ఆనాటి పద్ధతిలోనే చిన్న చిన్న మార్పులున్నాయి. బానెట్ మీది బొమ్మ, డిక్కీ మీది గుర్తు తీసేసి రంధ్రాలు పూడ్చడం, అనవసరమైన క్రోము తగ్గించడం, కారు కాస్త దించడం. వీటికి అద్దాలు పగలవు.

ఇప్పుడు ఖర్చులో మొదటి డాలరు ఎక్కడ పెట్టాలో చెబుతాను. బ్రేకులు, స్టీరింగు, బెల్టులు. మీ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, నాలుగింటికీ కలిపి ఒకే మాస్టరు సిలిండరు, లోపల ఒకే గది. ఎక్కడైనా ఒక్క గొట్టం పగిలిందా, పెడలు నేలకు తగులుతుంది, ఒక్క చక్రమూ ఆగదు. రెండు గదుల మాస్టరు సిలిండరు అమెరికన్ కార్లన్నిటిలోకీ వచ్చింది 1967 ప్రాంతంలో. కాబట్టి రెండు గదులది పెట్టండి, ముందు డిస్కులు, కొత్త ఉక్కు గొట్టాలు, ముందు వెనకల ఒత్తిడి పంచే వాల్వు వేయించండి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. అంటే మీ బ్రేకులు ఎలా ఉన్నాయో చూసేవాడు మీరు తప్ప ఇంకెవరూ లేరు.

స్టీరింగు రాడ్డు ఆ రోజుల్లో స్టీరింగు బాక్సు నుంచి చేతి చక్రం దాకా ఒకే నిండు ఉక్కు కడ్డీ. ముందునుంచి గుద్దుకుంటే అది నేరుగా గుండెల మీదికి వస్తుంది. ముడుచుకునే కాలమ్ పెట్టడం మొదటి ఏడాది ఖర్చులోనే వేసుకోండి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. రెండు తలుపుల కార్లలో వెనక్కి ఎక్కడానికి ముందు సీటు వీపు వంచుతాం కదా, 1955లో దానికి గడియ లేదు. గట్టిగా బ్రేకు కొడితే వీపు ముందుకు మడుచుకుంటుంది, వెనకవాళ్ళూ దానితో వస్తారు. గడియలున్న సీట్లు పెట్టాలి. మీ అబ్బాయి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు దాటేదాకా బూస్టరు సీటు మీద కూర్చోవాలి కదా, బూస్టరుకి నడుము బెల్టు ఒక్కటే చాలదు, భుజం బెల్టు కూడా ఉండాలి. అంటే వెనక కిటికీ పక్క రేకు లోపల మందమైన ఉక్కు పలకలు వెల్డు చేసి బెల్టు బోల్టులు దింపాలి. లైనింగు వేసే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది లైనింగు కుట్టించాక గుర్తొచ్చి వదిలేస్తారు.

ఇంజను. మీ పాత ఆరు సిలిండర్ల ఇంజను 235 క్యూబిక్ అంగుళాలది, ఫ్యాక్టరీ లెక్కలో మామూలు గేరుబాక్సుతో 123, పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సుతో 136 హార్స్‌పవర్. ముందు దాని ప్లగ్గులు తీసి సిలిండర్లలో పలచని నూనె పోసి కొన్ని వారాలు వదిలేయండి. కదిలితే కారుని ఆ ఇంజనుతోనే, కొత్త బ్రేకులతో మీ వీధిలో తిప్పండి. ఎటు లాగుతోంది, ఎక్కడ మోగుతోంది, సీటు ఎంత దగ్గరుండాలి, ఇవన్నీ కారు విప్పకముందే తెలియడం గొప్ప లాభం. కదలకపోతే దాంతో కుస్తీ పట్టకండి.

వీ8 విషయంలో ఎల్ఎస్ మంచి ఎంపికే, 400 అనే అంకె మాత్రం అనవసరం. 1999 నుంచి 2007 దాకా షెవర్లే ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇనుప బ్లాకు ఇంజను జంక్‌యార్డుల్లో ఇంకా దొరుకుతోంది. 270 నుంచి 295 హార్స్‌పవర్. అంటే మీ కారు పుట్టినప్పటి శక్తికి సుమారు రెట్టింపు. డల్లాస్ ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డా మొండికేయదు, పొద్దున్నే ఒక్క తిప్పుతో స్టార్టవుతుంది. ఇందుకే పాత కార్బురేటరు ఇంజను మీద దీనికి నా మొగ్గు. కానీ ఇమడ్చడానికి కొన్ని చిక్కులున్నాయి. ట్రక్కు ఆయిల్ పాన్ లోతుగా ఉండి ముందు అడ్డకమ్మీకి తగులుతుంది, పొట్టిది కొనాలి. 1955లో ఫ్యాక్టరీ వాళ్ళు వీ8ని ముందు భాగంలోనూ, ఇంజనునీ గేరుబాక్సునీ కలిపే బెల్‌హౌసింగు దగ్గరా చాసీకి బిగించేవాళ్ళు. దీనికి చాసీ పక్కల కొత్త మౌంట్లూ, గేరుబాక్సు కింద కొత్త అడ్డకమ్మీ కావాలి. ఇంధనం సుమారు 58 పీఎస్ఐ ఒత్తిడితో అందాలి, కాబట్టి పెట్రోలు ట్యాంకులోనే పంపు ఉండే కొత్త ట్యాంకు. రేడియేటరుకి మాత్రం కంపెనీయే మీకు మేలు చేసి పెట్టింది. ఆరు సిలిండర్ల కార్లలో పొడుగు ఇంజనుకి చోటు కావాలని రేడియేటరుని దాని చట్రానికి ముందువైపు బిగించారు, వీ8 కార్లలో వెనకవైపు. మీది ఆరు సిలిండర్ల కారు కనక రేడియేటరు ఇప్పటికే ముందుంటుంది. దాన్ని అక్కడే ఉంచితే ఫ్యానుకి కావలసిన జాగా దక్కుతుంది. వెనక యాక్సిల్ ఈ శక్తికి ఎంతోకాలం నిలవదు. చాలామంది షెవర్లే భక్తులు అక్కడ తొమ్మిదంగుళాల ఫోర్డు యాక్సిల్ బిగించి, ఆ సంగతి ఎవరూ అడక్కపోతే తామూ చెప్పరు.

ఏసీ గురించి ఎక్కువ ఆలోచించకండి. మీ రాష్ట్రంలోనే శాన్ ఆంటోనియోలో వింటేజ్ ఎయిర్ వాళ్ళు ఇలాంటి కార్లకే కిట్లు చేస్తారు.

ఈ సామాన్లన్నీ వచ్చాక పని వరస మీద మాత్రం పట్టుపట్టండి. ఇంజను, గేరుబాక్సు, రేడియేటరు, స్టీరింగు కాలమ్, బ్రేకు బూస్టరు, ఏసీ పెట్టె, సైలెన్సరు పైపులు, వైపరు మోటారు, అన్నీ రంగు లేని రేకు మీదే బిగించాలి. బూస్టరు ఇంజను మూతకి తగలొచ్చు, ఎగ్జాస్టు పైపు స్టీరింగు బాక్సుని రాసుకోవచ్చు. అప్పుడు కోయాల్సింది కోసి, వెల్డు చేసి, ఎపాక్సీ ప్రైమరు కొట్టి రోడ్డెక్కించండి. మామూలు ప్రైమరు తడి పీలుస్తుంది, దాని మీద వానలో తిరిగితే కింద తుప్పు మొదలవుతుంది. కొన్ని వందల మైళ్ళు అలా తిరిగి, కారేవి కారి, ఊడేవి ఊడి, అన్నీ సరిచేశాక మళ్ళీ విప్పి రంగు వేయండి. మెరిసే రంగు వేసిన ఫైర్‌వాల్‌కి (ఇంజనుకీ మనుషులకీ మధ్య రేకు గోడకి) ఏసీ గొట్టం కోసం రంధ్రం వేయాల్సి వస్తే మీకే తెలుస్తుంది ఎంత చేదుగా ఉంటుందో.

బాడీ పనిలో కొన్ని జాగ్రత్తలు చెబుతాను. తలుపులు తీసి నేల రేకులు కోసే ముందు తలుపు సందుకి అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డు చేయించండి. లేకపోతే బాడీ వంగి తలుపులు జన్మలో సరిగ్గా పడవు. బాడీకీ చాసీకీ మధ్య ఏ మౌంటు దగ్గర ఎన్ని షిమ్ములు (ఎత్తు సరిచేసే పలచని రేకు ముక్కలు) ఉన్నాయో రాసుకుని, విడివిడిగా సంచుల్లో పెట్టండి. తలుపు సందులు సరిచూసేది ఇంజను బరువు చాసీ మీద ఉన్నప్పుడే. పాత రంగు తీయడానికి టాపు మీదా బానెట్ మీదా ఇసుక కొట్టనివ్వకండి. వేడికీ దెబ్బకీ రేకు అలలు తేలుతుంది. ఇసుక చాసీకి మంచిది, పెద్ద రేకులకు రసాయనం మేలు.

క్యాండీ ఎరుపు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. జో బెయిలన్ యాభైల్లో దాన్ని సాధించినప్పట్నుంచీ కుర్రాళ్ళని పాడుచేస్తూనే ఉంది. మెరుపు పూత మీద పారదర్శకమైన రంగు పొరలు పొరలుగా కొడతారు. ప్రతి పొరకీ రంగు చిక్కబడుతుంది. అందుకే మాల్‌లో ఎవరో బండితో గీరితే ఆ ఒక్క గీత దగ్గర దిద్దడం కుదరదు, ఆ పక్కంతా మళ్ళీ కొట్టినా పాతదానితో కలవడం కష్టం. పిల్లలు ఎక్కి దిగే కారుకి అది వేయకండి. జిప్సీ రెడ్, ఇండియా ఐవరీ రెండూ 1955 నాటి షెవర్లే రంగులే. కింద ఎరుపు, పైన ఆ దంతపు తెలుపు వేయించండి. పేరులో ఇండియా ఉందని మీ ఇంట్లో కూడా చెప్పుకోవచ్చు.

డబ్బు లెక్క చూద్దాం. 60,000లో కారుకి 14,000 పోతే 46,000 మిగులుతుంది. గంటకి వంద డాలర్లు తీసుకునే షాపుకి అప్పగిస్తే అది 460 గంటల కూలి, ఒక్క స్క్రూ కూడా కొనకుండా. మీరు రాసిన జాబితా అంతా చేయాలంటే వెయ్యి గంటలకు తక్కువ కాదు. కొత్త చాసీ కొనమన్న ఫ్రెండు సలహా చెడ్డదేం కాదు. చాసీలు చేసే ఆర్ట్ మారిసన్ లాంటి కంపెనీల వాళ్ళు అద్భుతంగా చేస్తారు. కానీ మిగిలినదాంట్లో దాదాపు సగం అక్కడే పోతుంది, మీ పాత చాసీకి తుప్పు లేకపోతే అవసరమూ లేదు. టాపు, ఎయిర్ సస్పెన్షన్, క్యాండీ, కొత్త చాసీ వదిలేసి, విప్పడం బిగించడం మీరే చేసుకుని, వెల్డింగుకీ రంగుకీ మాత్రం షాపుకి ఇస్తే ఈ డబ్బుతో అవుతుంది. అందులోనూ పదివేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టరు వెల్డింగు నేర్చుకుంటే ఇంకా నయం. ఏడాది గడువు మాత్రం చెరిపేయండి. ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు పనిచేసేవాడికి మూడేళ్ళు న్యాయమైన లెక్క.

మీ ఆవిడ వద్దనడానికి కారణం డబ్బు అయ్యుండొచ్చు, గ్యారేజీ అయ్యుండొచ్చు. విప్పిన కారు మామూలు కారుకి రెండింతలు చోటు తింటుంది. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు చదివారా? కదలని బండి డ్రైవ్‌వేలో కనబడితే ఊరుకోని సంఘాలు మీ వైపు చాలా ఉన్నాయి. ఆవిడ కారు వానలో, మీ కారు లోపల ఉంటే మూడేళ్ళు కష్టం. ముందు అది తేల్చండి. ఇన్సూరెన్సు మాత్రం విలువ ముందే ఒప్పుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకుని, పని సాగేకొద్దీ ఆ విలువ పెంచుతూ పోండి, బిల్లులన్నీ దాచండి. నంబరు ప్లేటు దగ్గర కూడా పొరపడకండి. టెక్సస్ యాంటిక్ ప్లేటు ప్రదర్శనలకీ, పరేడ్లకీ, క్లబ్బు కార్యక్రమాలకీ. ఆదివారం ఐస్‌క్రీముకి కాదు. 1948 తరవాత తయారై, పాతికేళ్ళు దాటి, మార్పులు చేసిన కార్లకు కస్టమ్ వెహికల్ అని వేరే ప్లేటు ఉంది. మీకు సరిపోయేది అది.

చివరగా రాజమండ్రి. ఇండియాలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషను పెట్టారు. నంబరులో వీఏ అనే అక్షరాలతో వస్తుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు. అసలు షరతు ఏమిటంటే చాసీలో, బాడీ షెల్‌లో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు, బండి పుట్టినట్టే ఉండాలి. ఇక మామూలు రిజిస్ట్రేషను కింద చూసుకున్నా, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండ్లను మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగానే చెప్పింది. ట్రక్కు ఇంజను పెట్టి, మౌంట్లు మార్చి, స్టీరింగు మార్చిన షెవర్లేకి గోదావరి గట్టు మీద తిరిగే యోగం దాదాపు లేదు. సుంకాలూ షిప్పింగూ ఇంకా లెక్కలోకి తేలేదు. ఆ కోరిక నిజంగా గట్టిదైతే ఈ కారుకి కస్టమ్ పని మొదలుపెట్టనే కూడదు. ఆరు సిలిండర్ల ఇంజనుతో, పుట్టినప్పటి రూపంలో బాగుచేయించుకోవాలి. అప్పుడు నేను పైన రాసినదాంట్లో తుప్పు, టైటిల్, షిమ్ముల గురించినవి తప్ప చాలావరకు మీకు అక్కర్లేదు. కస్టమా, రాజమండ్రా అన్నది ఇంట్లో తేల్చుకుని, ఆ తరవాతే ఓక్లహోమా రైతుకి ఫోను చేయండి.